పెద్ద కెమెరా కోసం ముదలియార్‌పేటకి

గురువారం ఉదయం పదింటికి నెల్లూరు స్టేషన్లో చెన్నై బండి ఎక్కాను. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో ప్లాస్టిక్ బకెట్. బకెట్లో మూడు ట్రేలు, ఫొటోలు కడిగే మందుల పొట్లాలు, నల్ల కవరులో చుట్టిన ఫొటో కాగితం, ఒక ఎర్ర బల్బు. ఎదురు సీటాయన సూళ్లూరుపేట దాకా ఆ బకెట్ వంకే చూసి, చివరికి ఉండబట్టలేక, "ఏమ్మా, చేపల వ్యాపారమా?" అని అడిగాడు. ఫొటో స్టూడియో అని చెప్పాను. దాంతో ఆయన అనుమానం ఇంకాస్త పెరిగినట్టుంది, కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకి నా మొదటి సలహా, బకెట్ మోసుకెళ్లకండి. పుదుచ్చేరిలో బకెట్లు దొరుకుతాయి.

నా పేరు పద్మ. నెల్లూరులో మా నాన్న పెట్టిన స్టూడియో నడుపుతున్నాను. స్టూడియో అని పేరే గానీ రోజంతా పాస్‌పోర్టు ఫొటోలు, ఆధార్ జిరాక్సులు. పూర్వం మా నాన్నకి టేకుతో చేసిన పెద్ద కెమెరా ఒకటి ఉండేది. ఎదురుగా ఇత్తడి లెన్సు, మధ్యలో ముడతలు ముడతలుగా తోలు తిత్తి, వెనక గరుకు అద్దం. నల్లగుడ్డ కప్పుకుని ఆ అద్దంలో చూస్తే మనుషులు తలకిందులుగా కనపడేవాళ్లు. నా పదమూడో ఏట దాన్ని చెదలు తినేసింది. అప్పటి నుంచీ అలాంటిది ఒకటి సంపాదించాలని నాకు పిచ్చి. మా ఆయన దానికి వేరే పేర్లు కూడా పెట్టాడు గానీ ఇక్కడ రాయను.

పోయిన నెల మా అన్న కూతురు లావణ్య ఫోన్లో ఒక ఫొటో పంపింది. తను పుదుచ్చేరిలో నర్సింగు చదువుతోంది. ముదలియార్‌పేటలో తనుండే వీధిలోనే, సరోజమ్మ అనే పెద్దావిడ ఇంటి ముందు గదిలో అచ్చం మా నాన్న కెమెరా లాంటిదే ఉంది. ఆవిడ కొడుకు కుమార్ కరెంటాఫీసులో పనిచేస్తాడు. అతనితో ఫోన్లో ధర మాట్లాడుకున్నాం. అన్నీ అయ్యాక అతను కాస్త మొహమాటంగా, "ఒక కండిషన్ ఉందక్కా. ముందు ఆ కెమెరాతోనే మా అమ్మను ఫొటో తీయాల. ఆమెకు నచ్చితేనే ఇస్తాదంట" అన్నాడు. అదెంత పని అనుకున్నాను. ఇరవై ఏడేళ్లుగా నేను చేస్తున్నది అదే కదా.

చెన్నైలో దిగేసరికి ఒంటిగంట. స్టేషన్లోనే పెరుగన్నం తిని, మెట్రోలో కోయంబేడు వెళ్లి, సముద్రం పక్క దారిలో పోయే పుదుచ్చేరి బస్సెక్కాను. ఎడమ వైపు కిటికీ అడగండి, సముద్రం అటే ఉంటుంది. నేను కుడి వైపు కూర్చుని ఉప్పు మడులూ, పక్కావిడ నిద్రా చూస్తూ వెళ్లాను. సాయంత్రం ఆరున్నరకి బస్టాండులో దిగి, లావణ్య హాస్టల్లో చుట్టాల్ని ఉండనివ్వరు కాబట్టి దగ్గర్లోనే ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. రోజుకి ఏడువందలు. గది శుభ్రంగా ఉంది, ఫ్యాను మాత్రం తన ఇష్టమొచ్చినప్పుడు తిరుగుతుంది.

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకి ముదలియార్‌పేట చేరాను. తెలుగులో స్టూడియో పేరున్న నా కార్డు కుమార్ చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి నవ్వి, తిరిగి ఇచ్చేశాడు. "మీరే చదవండక్కా. తెలుగు మాట్లాడతాము గానీ ఎళుత్తు రాదు. బళ్లో అంతా అరవమే" అన్నాడు. ఇంట్లో అందరూ తెలుగే, గోడ మీద క్యాలెండరు తమిళం.

సరోజమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గర్లో ఉంటుంది. సన్నటి మనిషి, నిటారైన వీపు, చెవులకి ఎర్రరాళ్ల కమ్మలు. మొహం నిండా చిన్నప్పుడు అమ్మవారు పోసిన గుంటలు. కుడి కంటికి పొర వచ్చింది, ఎడమ కంటితో కూడా అంతంత మాత్రమే చూస్తుంది.

"రా పాపా. నువ్వేనా నెల్లూరు ఫొటో పాప? ఎండలో వచ్చినావు, మోరు తాగు" అని మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది.

యాభై రెండేళ్లు వచ్చాక నన్ను పాపా అన్నవాళ్లు లేరు. అక్కడికక్కడే ఆవిడంటే ఇష్టం ఏర్పడింది. ఇష్టం వేరు, కెమెరా వేరు అని మనసులో అనుకుని లోపలికి వెళ్లాను.

ముందు గది ఆవిడ భర్త వేణుగోపాల్ గారి స్టూడియో. పగలు మిల్లులో పని, సాయంత్రాలూ ఆదివారాలూ ఇక్కడ ఫొటోలు. ఆయన పోయి ఆరేళ్లయింది. సోమవారం ఆ గది పైకప్పు విప్పి కొత్తది వేస్తారట, ఆలోగా కెమెరా కదలాలి. ఫ్రెంచివాళ్ల నాటి ఇళ్లుండే వైట్ టౌన్‌లో అతిథిగృహం నడిపే ఒకాయన కూడా దీన్ని అడిగాడు. నా వల్ల కాకపోతే ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆయన బండి వచ్చి పట్టుకుపోయేలా కుమార్ మాట ఇచ్చేశాడు. "ఆయన లోపల బల్బు పెట్టి లైటు మాదిరి చేస్తాడంట" అని కుమార్ చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండింది.

దుప్పటి తీసి చూస్తే టేకు గట్టిగా ఉంది. లెన్సుకి కాస్త బూజు, తుడిస్తే పోయింది. గరుకు అద్దం మీద మురికి మందంగా పేరుకుంది. దాన్ని చట్రంలోంచి ఊడదీసి సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, తిరిగి బిగించాను. అసలు బాధంతా తిత్తితో వచ్చింది. ముడతల మూలలన్నీ ఎలుకలు కొరికేశాయి. లోపల తల పెట్టి చూస్తే వెలుతురు పదహారు చోట్ల నుంచి వస్తోంది. ఇక ఇంటికి పోవడమే అనుకుని చతికిలబడ్డాను.

సరోజమ్మ గుమ్మంలోంచి, "కిరుమాంబాక్కం ఆరోగ్యసామి యాడికీ పోలే కదరా? పెట్టెల పని చేస్తా ఉండాడా?" అని కొడుకునడిగింది. పెట్టెలంటే హార్మోనియాలు. తిత్తి తిత్తే కదా, గాలిదైతేనేం, చీకటిదైతేనేం. నాకెందుకు తట్టలేదా అని సిగ్గుపడ్డాను.

పదకొండింటికి కడలూరు పోయే బస్సులో ఒళ్లో తిత్తి పెట్టుకుని, కుమార్‌ని తోడు తీసుకుని కిరుమాంబాక్కం వెళ్లాను. అరగంట ప్రయాణం. ఆరోగ్యసామి అనే ఆ పెద్దాయన ఇంటి వసారాలోనే పని చేస్తాడు. తమిళాయనే గానీ, తెలుగు భజన బృందాల పెట్టెలు బాగుచేసీ చేసీ మన మాట పట్టుబడింది. తిత్తిని ఒకసారి సాగదీసి మూసి, "పెద్ద పెట్టె. పాట మాత్రం లే" అన్నాడు. పల్చటి మేకతోలు మూలమూలకీ కోసి అతికించడానికి రేపు మధ్యాహ్నం దాకా టైమడిగాడు.

"సన్న బెజ్జం కూడా ఉండకూడదయ్యా. మీకు కనపడుతుందా?" అన్నాను, ఆయన కళ్లద్దాల మందం చూసి.

"కంటితో ఎవురు చూస్తారు? రెండు పక్కలా మూసి నొక్కితే గాలి చెప్తాదిమా, యాడ పోతా ఉండానని" అన్నాడాయన.

ఆ సాయంత్రం ఖాళీ. నడుచుకుంటూ వైట్ టౌన్ వెళ్లాను. కెమెరా అడిగినాయన అతిథిగృహం వరండాలోకి బయటి నుంచే తొంగి చూశాను. ఒక కుట్టుమిషను మీద మనీప్లాంటు, ఒక తిరగలి మీద గాజు పలక పెట్టి దాని మీద పత్రికలు. చాలా అందంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ మిషను కుట్టదు, ఆ తిరగలి తిరగదు. ఆ పక్కన బల్బు మింగిన కెమెరాని ఊహించుకుంటే మింగుడు పడలేదు. బేకరీలో ఒక బన్ను తిని, పంతం పెంచుకుని లాడ్జికి తిరిగొచ్చాను.

శనివారం మధ్యాహ్నం రెండింటికి తిత్తి తెచ్చుకున్నాం. ఆరోగ్యసామి నా ముందే దాన్ని రెండు పలకల మధ్య మూసి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూపించాడు. సరోజమ్మ ఇంటికొచ్చాక నేను మళ్లీ లోపల బల్బు పెట్టి చీకట్లో చూశాను. ఒక్క చుక్క వెలుతురు బయటికి రాలేదు. కెమెరాకి బిగించాను. స్నానాలగది కిటికీకి కంబళి కట్టి, నా ఎర్ర బల్బు తగిలించి, బకెట్లో మందు కలిపాను. సరోజమ్మ చీర మార్చుకుని, ముందు గదిలో తలుపు దగ్గర వెలుతురులో కూర్చుంది.

పద్ధతి ఇది. గరుకు అద్దంలో మొహం స్పష్టంగా కనపడేదాకా తిత్తిని ముందుకీ వెనక్కీ జరుపుతాం. తర్వాత లెన్సు మూతపెట్టి, అద్దం స్థానంలోకి కాగితమున్న పెట్టె దించుతాం. అప్పుడు మూత తీసి, మూడు అంకెలు లెక్కపెట్టి, మళ్లీ మూస్తాం. నాలుగింటికి మొదటి ఫొటో తీశాను. కడిగి, ఆ కాగితం మీది తెలుపు నలుపుల్ని ఇంకో కాగితం మీదకి తిప్పి దించితే, అరచేతికి రెండింతల బొమ్మ వచ్చింది. కమ్మల్లో రాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. మొహం మాత్రం మెత్తగా, మబ్బుగా ఉంది.

"మొహం కదిల్చారు పెద్దమ్మా" అని ఇంకొకటి తీశాను. అదీ అంతే. మూడోదీ అంతే.

కుమార్‌కి మాత్రం ఎక్కడలేని సంతోషం. "సూపరుగా ఉందక్కా. ఇరవై ఏండ్లు తగ్గిపోయింది. ఒక మచ్చ లే" అన్నాడు.

సరోజమ్మ బొమ్మని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. కొడుకు మాట విని, బొమ్మని ఒళ్లో పెట్టుకుని, "అయితే దీంట్లో కూడా నేను లే" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ గోడ వైపు చెయ్యి చూపించింది. అక్కడ పక్కపక్కన రెండు ఫొటోలున్నాయి. ఒకటి వేణుగోపాల్ గారిది. రెండోది పంతొమ్మిదేళ్ల పెళ్లికూతురు, పాలరాయిలా నున్నటి మొహం. లావణ్య పంపిన ఫొటోలో వెనక గోడ మీద కూడా అది చూశాను, వాళ్ల బంధువు ఎవరో అనుకున్నాను.

"అది నేనే. ఈ కెమెరాతోనే తీసినాడు, పెండ్లయిన కొత్తలో. నెగెటివ్ మీద పెన్సిల్ పని నేను చేస్తా ఉంటి. ఊళ్లో అందరి మొటిమలూ మచ్చలూ నేనే తీసేది. మచ్చ ఉండే చోట సన్న మొనతో పూడిస్తే కాగితం మీద పడదు. ఆయన మిల్లుకు పోయినప్పుడు నా నెగెటివ్ తీసుకోని కూచున్నా. నుదుట తొమ్మిది, ఎడమ చెంప పద్నాలుగు, కుడి చెంప పదకొండు, ముక్కు మీద రెండు, గడ్డం కింద ఒకటి. ముప్పై ఏడూ పూడ్చేసినా. ఆయన వచ్చి చూసి, 'ఏమే, నువ్వు యాడ పోయినావు?' అని అడిగినాడు."

ఆయన కోప్పడలేదట, నవ్వుతూనే అడిగాడట. కానీ ఆ తర్వాత ఏడాదికొకసారైనా, ఈసారి పెన్సిల్ లేకుండా ఒకటి తీస్తాను కూర్చోవే అని అడుగుతూనే ఉన్నాడు. ఈవిడ కూర్చోలేదు. "మొండితనం. ఇప్పుడు కూచుంటా అంటే తీసేదానికి ఆయన లే. మనవరాండ్లు వచ్చి, ఆ ఫొటోలో ఎవురు అవ్వా అని అడగతారు" అంది.

నేను రోజుకి ఎన్ని మచ్చలు తీసేస్తానో ఆవిడకి చెప్పలేదు. కంప్యూటర్లో ఒక్కో మచ్చకీ ఒక్క నొక్కు చాలు. అవి ఎవరివో కూడా చూడను.

"రేపు సరిగా తీస్తాను పెద్దమ్మా. మీరు కదలకుండా ఉంటే చాలు" అన్నాను.

అంతే, ఆవిడకి కోపమొచ్చింది. "నేను కదల్లే. కదిలింటే కమ్మ కదలదా? చెవి కాడ రాయి రాయి పడతా ఉండాది, మొగం పడలే. తప్పు నా దాంట్లో లే, నీ దాంట్లో ఉండాది. ఆ అద్దం తియ్యి, ఇట్టా ఇయ్యి."

ఇరవై ఏడేళ్ల అనుభవం అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. గరుకు అద్దాన్ని చట్రంతో సహా తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చూడనే లేదు. ఒక పక్క మూలని కింది పెదవికి ఆనించింది, తిప్పి రెండో పక్క ఆనించింది. పూర్వం చీకటిగదిలో నెగెటివ్‌కి మందు పూసిన వైపేదో అలాగే కనుక్కునేవాళ్లు.

"గరుకు నీ పక్క పెట్టినావు పాపా. అది లోపలికి ఉండాల, లెన్సు పక్క" అంది నెమ్మదిగా.

నేను నెత్తిన చెయ్యి పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. శుక్రవారం కడిగి ఆరబెట్టినప్పుడు నేనే తిప్పి బిగించాను. బొమ్మ పడేది గరుకు వైపున. అది అద్దం మందమంత వెనక్కి జరిగింది, కాగితం మాత్రం తన చోటే ఉంది. అందుకే నేను కళ్ల మీద కుదిర్చిన స్పష్టత బెత్తెడు వెనక్కి పోయి చెవుల మీద పడింది. మా నాన్న ఉంటే నల్లగుడ్డతోనే నాలుగు వేసేవాడు.

"ఎవురితోనూ చెప్పనులే, భోంచెయ్యి" అంది సరోజమ్మ. ఆ రోజు సాంబారు, వంకాయ పొరియల్ వాళ్లింట్లోనే. వెలుతురు పోయింది కాబట్టి ఫొటో మర్నాటికి వాయిదా వేశాం.

ఆదివారం ఎనిమిదింటికి మళ్లీ కూర్చోబెట్టాను. పక్క నుంచి ఎండ తలుపు మీద పడి మెత్తగా లోపలికి వస్తోంది. ఈసారి గుడ్డ కింద దూరి చూస్తే, గరుకు అద్దం మీద తలకిందులుగా ఆవిడ మొహం, ప్రతి గుంటలోనూ చిన్న నీడ. ఇంత అందమైన మొహం నేను ఈ మధ్య చూడలేదు. మూత తీసి మూడు లెక్కపెట్టాను. ఆ మూడు అంకెల్లో సరోజమ్మ ఊపిరి కూడా తీసుకోలేదని నా నమ్మకం.

తొమ్మిదిన్నరకి బొమ్మ ట్రేలో తేలింది. తడి కాగితాన్నే పళ్లెంలో పెట్టి తీసుకెళ్లాను. ఆవిడ దాన్ని చూడటానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు. కొడుకు చేతికి భూతద్దం ఇచ్చి, "లెక్కపెట్టు" అంది.

కుమార్ ఇబ్బందిగా నా వంక చూశాడు. తల్లి మొహం మీది మచ్చలు లెక్కపెట్టమంటే ఎవరికైనా కష్టమే. తర్వాత వంగి మొదలుపెట్టాడు. "నుదుట తొమ్మిది. ఎడమ పక్క పద్నాలుగు. ముక్కు మీద రెండు. కుడి పక్క పది."

"పదకొండు. సరిగా చూడు. చెవి కాడ ఒకటి ముడతలో దాక్కుంటాది."

"ఆమా, ఉండాది. గడ్డం కిందది నీడలో ఉందిమా, కొంచెం కనపడతాది."

"ఉంటే సరి" అంది సరోజమ్మ.

లేచి, తడి బొమ్మ ఉన్న పళ్లేన్ని రెండు చేతులా పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లింది. భర్త ఫొటో ముందు దాన్ని ఎత్తి చూపించింది. "ఇదో, ఈడ ఉండా. యాడికీ పోలే" అని చెప్పింది. కుమార్ మొహం తిప్పుకున్నాడు. నాకు తిప్పుకోవాలని కూడా తోచలేదు, హాయిగా ఏడ్చాను.

పదిన్నరకి కుమార్ అతిథిగృహం ఆయనకి ఫోన్ చేసి, "సారీ సార్, కెమెరాకి పని దొరికింది" అని చెప్పాడు. కెమెరాని వేణుగోపాల్ గారి పాత దుప్పట్లలో చుట్టాం. చక్రాల స్టాండు బరువని లారీ పార్సెల్లో వేయించాం. లెన్సుతో పాటు మచ్చలు పూడ్చే పెన్సిళ్ల రేకు డబ్బా కూడా కుమార్ పెట్టబోతే సరోజమ్మ అడ్డం పడి తీసేసుకుంది. "ఇది నీకు వద్దు పాపా" అంది.

పన్నెండున్నరకి చెన్నై బస్సు. ఎడమ వైపు కిటికీ ఈసారి కూడా దొరకలేదు, కానీ తిరుగుదారిలో సముద్రం కుడి వైపుంటుందని అప్పుడు గుర్తొచ్చింది. అంటే ఈసారి నా సీటే సరైంది. పక్క సీట్లో కెమెరా. కండక్టరు దాన్ని తట్టి చూసి, సామానా, సామి విగ్రహమా అని అడిగాడు. సామానే అని చెప్పి దానికీ ఒక టికెట్టు తీసుకున్నాను. బకెట్ సరోజమ్మ ఇంట్లోనే వదిలేశాను, దాంతో పూలమొక్కలకి నీళ్లు పోసుకుంటానంది.

చెన్నైలో సాయంత్రం బండి. నా ఎదురుగా ఇరవై ఏళ్ల అమ్మాయి కూర్చుంది, కుడి కనుబొమని రెండుగా చీల్చిన గాటు. ఈ మూట ఏంటని అడిగితే కెమెరా అని చెప్పాను. నెల్లూరులో స్టూడియో అని తెలియగానే ముందుకి జరిగి, "ఆంటీ, ఉద్యోగానికి ఫొటో కావాలి. ఈ గాటు తీసేస్తారా?" అని అడిగింది.

తీసేద్దాంలే అనడం నాకు అలవాటు. ఆ మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా.

"అదెట్లా తగిలిందమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి కాస్త ఆశ్చర్యపోయి నా వంక చూసి, నవ్వి, వాళ్ల అన్న సైకిల్ దగ్గర మొదలుపెట్టింది. నెల్లూరు వచ్చేదాకా చెప్తూనే ఉంది.